రాయపూర్‌లో ఉన్న రమణి

“బావా, ‘సేసేది’ అన్నావంటే మా అమ్మ గుండె ఆగిపోతాది. ‘సేత్తాది’ అనాలి. గుర్తెట్టుకో,” అన్నాడు అప్పలసూరి గుమ్మంలోనే, తల్లి ఆటో దిగేలోగా.

అర్జునరావు తలూపాడు. భార్య రోజారమణి మెదడుకెక్కిన మలేరియాతో పోయేనాటికి అత్తగారు గంగాలమ్మ గుండెపోటుతో ఆసుపత్రిలో ఉంది. ఈ కబురు తట్టుకోలేదన్నాడు డాక్టరు. అందుకని కూతురు రాయపూర్‌లో ఆడపడుచు పురిటికి వెళ్లిందని చెప్పారు. పురుడయ్యాక పసిపిల్లకి జబ్బన్నారు. ఆవిడ ఊరు పద్మనాభంలో ఇరుగుపొరుగు నోళ్లన్నీ బతిమాలి కట్టేశాడు అప్పలసూరి. ఇవాళ గుండె పరీక్షకి పట్నం వచ్చిన ఆవిడ, కంచరపాలెంలో అల్లుడింట అన్నం తినిగానీ వెళ్లనంది.

దండేసిన ఫొటోని బీరువాలో దాచాడు అర్జునరావు. మేకు మాత్రం గోడకే ఉండిపోయింది. ఇంటి వెనక పట్టాల మీద గూడ్సు బండి వెళ్లి ఇల్లు అదిరినప్పుడల్లా అతని కళ్లు ఆ మేకు మీదికే పోతున్నాయి.

“రమణి ఉత్తరం రాత్తన్నాదా బాబూ?” పీట మీద కూర్చుంటూ అడిగింది గంగాలమ్మ.

“రాస్తోంది అత్తా.”

“ఎస్టీడీ బూతుకాడ ఒకపాలి మాటాడించరాదేటి?”

“వాళ్లింట్లో ఫోన్ లేదు.”

“తింతన్నాదా సరిగ్గా?”

“తింటోంది. కొంచెం ఒళ్లు కూడా చేసిందిట.”

ఒక్కో మాటా నోట్లో తిప్పి చూసుకుని మరీ బయటికి పంపుతున్నాడు. పోర్టు ఆఫీసులో, పరామర్శకొచ్చినవాళ్ల ముందు, ఇన్ని నెలలూ కష్టపడి ‘ఉండేది, అనేది, నవ్వేది’ అలవాటు చేసుకున్నాడు. ఇప్పుడు వెనక్కి రమ్మంటే నాలుక మొరాయిస్తోంది.

గంగాలమ్మ చింతకాయ పులుసు కలుపుకుంది. “నువ్వొండినావా? దాని సెయ్యిలాగుందే!”

‘తనే నేర్పేది’ అనబోయి ఆగాడు. “పులుపంటే ప్రాణం కదా తనకి,” అన్నాడు. ఉంది, ఉండేది అన్న గొడవ లేని మాట ఒకటి దొరికినందుకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

అంతలో పక్కింటి తాయారు మజ్జిగ చెంబుతో వచ్చింది. సంగతి తెలిసిన మనిషే. నోరే ఆగదు. “పులుసా? అబ్బ! రమణమ్మ ఎంత బాగా సేసేదో!”

అప్పలసూరికి పొలమారింది. “సేత్తాది! సేత్తాది! రాయపూర్లో కూడా అదే సేత్తన్నాది!” దగ్గుతూనే అరిచాడు.

తాయారు నాలుక్కరుచుకుంది. అర్జునరావు అత్తగారి గుండెల మీది పైటకొంగునే చూస్తున్నాడు. అది లేచింది, పడింది. మళ్లీ లేచింది.

గంగాలమ్మ చెయ్యి కడుక్కుని సంచిలోంచి పసుపు, కుంకం, ఆకుపచ్చ గాజులు తీసింది. వచ్చినప్పుడల్లా కూతురికి తెచ్చేవే. బీరువా తియ్యమంటుందేమోనని అర్జునరావు దానికి అడ్డంగా జరిగాడు.

“తాయారూ, ఇలా రాయే. ఇవి నువ్వేసుకో.”

తాయారు చెయ్యి చాపలేదు. బతికున్న కూతురి గాజులు ఏ తల్లీ పరాయిదానికి ఇవ్వదు. ముత్తయిదువగా పోయిన పిల్ల పేరు చెప్పి ఇంకో ముత్తయిదువకి ఇవ్వడం వాళ్ల వైపు ఆనవాయితీ.

“అమ్మా, ఏటిది?” అన్నాడు అప్పలసూరి.

“నోర్ముయ్యిరా. ఇన్నాళ్లూ ఊర్లో ఒక్కలైనా నీ కూతురెలాగుందని అడిగినారా? బతికున్నదాని గురించి అడగరేటి?” గాజులు తాయారు ఒళ్లో పోసింది. “నాకు తెలిసిపోనాదంటే మీరేటయిపోతారోనని నానే ఊరుకున్నాను. మీ బావ మొకం సూడు, ఎలా సిక్కిపోనాడో.”

అర్జునరావు గోడకి జారగిలబడి కూర్చున్నాడు. ఆవిడ పీట అతని దగ్గరికి జరుపుకుంది.

“సెప్పు బాబూ. ఆకర్రోజు ఏటి సేసింది?”

ఇక భయం లేదు. అయిపోయినదాన్ని అయిపోయినట్టే చెప్పొచ్చు.

“పొద్దున్నే లేచింది. తలనొప్పంది. నేను టీ పెట్టాను...” గూడ్సు బండి దాటేదాకా ఆగాడు. “గ్లాసు అందుకుంటోంది అత్తా. చెయ్యి కాలకుండా కొంగు అడ్డం పెట్టుకుంటోంది. నా వైపు చూసి, పంచదార మర్చిపోయారంటోంది...”

“ఊఁ,” అంది గంగాలమ్మ. “తాగతన్నాదా?”

“తాగుతోంది.”