మునిలక్ష్మి మింగిన కెమెరా

ఉదయం ఎనిమిదిన్నరకు తిరుపతి ఆస్పత్రిలో మునిలక్ష్మి చేత ఒక మాత్ర మింగించారు. చిక్కుడుగింజ కంటే కాస్త పెద్దది. దాని లోపల కెమెరా, చిన్న దీపం. అది పేగుల్లో జారుతూ ఫొటోలు తీస్తుందనీ, ఆ ఫొటోలన్నీ నడుముకు కట్టిన పెట్టెలోకి చేరతాయనీ డాక్టర్ బాలచంద్ర చెప్పాడు.

"నొప్పేమీ ఉండదమ్మా. ఎనిమిది గంటలు పడుతుంది. రెండు గంటలయ్యాక నీళ్లు తాగొచ్చు, నాలుగు గంటలయ్యాక రెండు ఇడ్లీలు తినొచ్చు. మరీ దూరం పోకుండా అటూ ఇటూ నడవండి. సాయంత్రం నాలుగున్నరకు వస్తే బెల్టు విప్పేస్తాం."

నగరిలో పవర్‌లూమ్ నడుపుకునే మునిలక్ష్మికి ఏడాదిగా ఒంట్లో రక్తం నిలవడం లేదు. మగ్గం దగ్గర నిలబడితే కళ్లు తిరిగేవి. రెండుసార్లు రక్తం ఎక్కించారు. నోటి నుంచి ఒకసారి, కింది నుంచి ఒకసారి గొట్టం పెట్టి చూశారు. రక్తం ఎక్కడ కారుతోందో దొరకలేదు. ఆ గొట్టాలు అందుకోలేని చిన్నపేగు ఒక్కటే మిగిలింది. అందుకే ఈ మాత్ర.

ఆమె మనసులో మెదులుతున్నది మాత్రం రక్తం సంగతి కాదు. నోట్లో గొట్టం పెట్టిన రోజు సంగతి. ఆ రోజు ఆమె వణికిపోయింది. గొంతులో చేదు మందు కొట్టి, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టారు. డోకు వచ్చింది, కళ్ల వెంట నీళ్లు కారాయి. అంతా అయ్యాక గోడ గడియారం వైపు చూస్తే నాలుగు నిమిషాలు గడిచాయి. ఈ నాలుగు నిమిషాలకు భయపడే అమ్మ పోయింది.

పదకొండేళ్ల కిందట అమ్మ వరలక్ష్మమ్మకు విరేచనం తారులా నల్లగా అయ్యేది. తిరుపతికి తీసుకుపోయి గొట్టం వేయించి చూద్దామని చెల్లెలు మోహన పట్టుబట్టింది. అమ్మ పెద్దకూతురి చేతులు పట్టుకుంది. "ఆ గొట్టం నా గొంతులో పెట్టనీయొద్దు పాపా, నీకు దండం పెడతా" అంది. మునిలక్ష్మి మాట ఇచ్చింది. చెల్లెలు ఎంత చెప్పినా వినలేదు. రెండు నెలలకు ఒకనాడు అమ్మ రక్తం కక్కుకుంది. అంబులెన్సు పుత్తూరు దాటకముందే ప్రాణం పోయింది. పెద్దకర్మ రోజు మోహన అందరి ముందూ ఒకే మాట అంది.

"అమ్మను నువ్వే సంపినావు."

అని బస్సెక్కి తిరుపతిలోని తన ఇంటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత అక్కచెల్లెళ్ల మధ్య మాట లేదు.

కొన్నాళ్లు కోపం, కొన్నాళ్లు పంతం. అవి రెండూ ఎప్పుడు పోయాయో మునిలక్ష్మికి తెలియదు, చెల్లెలి మీద బెంగ ఒక్కటే మిగిలింది. మగ్గం మీదికి ఆకుపచ్చ నూలు ఎక్కినప్పుడల్లా ఆ రంగులో మోహన ఎలా ఉంటుందో ఊహించుకునేది. అత్తిరసాలు వండితే, మొదటిది ఊదుకుంటూ తినే మనిషి లేదని చెయ్యి ఆగేది.

బెంచీ మీద కూర్చున్న భర్త ధనంజయతో అంది: "అట్ల నడిచొస్తా."

"యాడికి?" అని అడిగి, ఆమె ముఖం చూసి ఆయనే అన్నాడు. "కొర్లగుంటకేనా, మోహన ఇంటికి? ఆటోలో పో. నడవొద్దు."

మోహన ఇంటికి మునిలక్ష్మి గృహప్రవేశం నాడు ఒక్కసారే వచ్చింది. సందులన్నీ మారిపోయాయి. నలుగురిని అడిగి చివరకు నీలం గేటు ముందు నిలబడింది. తలుపు తీసింది మోహన కాదు, ఎవరో చిన్న వయసావిడ. పేరు చంద్రిక అట. మోహన కోసం వచ్చానంది మునిలక్ష్మి.

"వాళ్లు ఈడ లేరమ్మా. రామచంద్ర సారుకు రైల్వేలో గూడూరుకు బదిలీ అయింది. మేము బాడిగకు ఉండాము. మీరెవరు?"

"మోహన వాళ్లక్కను."

"మోహనక్క తనకు అక్క ఉండాదని ఎప్పుడూ సెప్పలేదే" అంది చంద్రిక. అన్నాక నొచ్చుకున్నట్టుంది, కుర్చీ తెచ్చి వేసింది. మునిలక్ష్మి నడుము దగ్గర పెట్టె మీద మినుకుమినుకుమనే దీపాన్ని చూసి అదేమిటని అడిగింది. విన్నాక ఇంకేమీ అడగకుండా తన ఫోన్ నుంచి నంబరు కలిపి చేతికిచ్చింది.

"ఏం చంద్రికా, మోటారు మళ్లీ చెడిపోయిందా?" అంది మోహన గొంతు.

పదకొండేళ్ల తర్వాత వింటున్న గొంతు. కాస్త బొంగురుపోయింది, అంతే. మునిలక్ష్మి ఫోన్ చెవికి నొక్కి పట్టుకుంది. ఆ మోటారు గురించే ఇంకా ఏమైనా మాట్లాడితే బాగుండుననుకుంది.

"హలో?"

"నేను, మోహనా."

ఫోన్ పెట్టేస్తుందేమోనని మునిలక్ష్మి గబగబా చెప్పేసింది. "నాకు గొట్టం ఏసినారు. నాలుగు నిమిషాలే పట్టింది. నాలుగే నిమిషాలు. అమ్మ తట్టుకునుండును. నువ్వు సెప్పిందే నిజం."

మోహన అడిగింది. "నీకెందుకేసినారు?"

"రక్తం పోతాండాది. యాడో దొరకలా. ఇప్పుడు మాత్రలో కెమెరా పెట్టి మింగించినారు."

"రక్తం ఎంత ఉండాది?"

"ఏడు."

"ఏడు పెట్టుకోని సందులెంట తిరగతాండావా? పోయి ఆస్పత్రిలో కూర్చో. రిపోర్టు వస్తే సెప్పు." ఫోన్ పెట్టేసింది.

పన్నెండున్నర దాటాక చంద్రిక రెండు ఇడ్లీలు పెట్టింది. అవి తిని, చెల్లెలు చెప్పినట్టే మునిలక్ష్మి ఆస్పత్రికి వెళ్లి కూర్చుంది.

మూడు రోజుల తర్వాత బాలచంద్ర తెర మీద ఫొటో చూపించాడు. గులాబి రంగు పేగు గోడ మీద సాలెపురుగులాంటి ఎర్రటి మచ్చ, దాని అంచున సన్నగా జారుతున్న రక్తం. "ఇక్కడ రక్తనాళాలు చిక్కుపడి చిట్లుతున్నాయమ్మా. ఈసారి ఇంకా పొడవాటి గొట్టంతో అక్కడిదాకా పోయి కాల్చేస్తాం. క్యాన్సరేమీ కాదు." గురువారం రమ్మన్నాడు.

ఆ కబురు చెప్పడానికి, చంద్రిక దగ్గర తీసుకున్న నంబరుకు చేస్తే ఫోన్ మోహన భర్త రామచంద్ర తీశాడు. "చెప్తాను వదినా" అన్నాడు. మళ్లీ ఫోన్ రాలేదు. గురువారం గొట్టం గదిలోకి తీసుకుపోయేదాకా మునిలక్ష్మి వరండా చివరనే చూస్తూ ఉంది.

మత్తు దిగాక కళ్లు తెరిస్తే మంచం పక్కన మోహన కూర్చుని ఉంది. జుట్టు సగం నెరిసింది.

"గొంతు మంటగా ఉండాదా?"

"కొంచెం."

మోహన దుప్పటి అంచు సరిచేసింది. "ఆ పొద్దు ఆ మాట అని పోయినాక, నేను యోచన చేస్తానే ఉండినా. తిరుపతిలో ఉండింది నేను. నువ్వు వద్దన్నా నేనైనా అమ్మను ఎత్తుకోని పోయుండొచ్చు. నువ్వు ఒప్పుకుంటావని సూస్తా కూర్చుంటిని."

మునిలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ అమ్మ గురించి మళ్లీ మాట్లాడలేదు. మోకాళ్ల నొప్పుల గురించీ, గూడూరు నీళ్ల గురించీ కాసేపు మాట్లాడుకున్నారు. నాలుగు కాగానే మోహన లేచింది. ఇంట్లో అత్తకు బాగాలేదట, సాయంత్రం రైలుకు పోవాలట.

"మళ్లీ వస్తావా?"

"వస్తాలే. పండుకో."

ఆమె వార్డు తలుపు దాటిపోయింది. మునిలక్ష్మి ఆ తలుపునే చూస్తూ పడుకుంది. ధనంజయ కాఫీ పట్టుకొచ్చేసరికి అడిగింది:

"మోహన ఇప్పుడు యాడిదాకా పోయింటుంది?"

"ఇంకా కింద ఆటో కోసం నిలబడుకోనుండాది" అన్నాడాయన.

మునిలక్ష్మి మోచేతి మీద లేచి, కిటికీ వైపు ఒరిగింది.