చివరి పదునాఱు పుటలు

రోళ్ళు సైతము పగులునని పెద్దలు చెప్పెడి రోహిణీకార్తెలో నొకానొక యాదివారము మధ్యాహ్నమున, చండకరకిరణపరంపరాసంతప్తములైన చీరాల పట్టణవీథులు నిర్మానుష్యములై కుక్కలు సైతము నీడ విడువక రొప్పుచుండఁగా, వస్త్రవ్యాపారియగు కోటిలింగము గిడ్డంగిలో మాత్రము నూటయిరువదిమంది జనులు చెమటలు గ్రక్కుచు బట్టల మూటలపైఁ గూర్చుండి గోడకుఁ దగిలించిన పెద్ద టీవీవంక ఱెప్ప వాల్పక చూచుచుండిరి. వీరందఱు విజయకేతు అభిమానసంఘమువారు. విజయకేతువనఁగా డెబ్బదియేండ్లనాఁటి అపరాధపరిశోధక నవలలలో హంతకుల గుండెలలో నిద్రించిన కథానాయకుఁడు. ఆ నవలలకెల్లఁ దలమానికమైన ‘రంగూను తాళపుచెవి’ ఆధునికవేషము ధరించి ధారావాహికగా నెనిమిది వారములనుండి ప్రసారమగుచు నాఁటితో ముగియనుండెను.

సంఘమువారు బలవంతముగా ముందువరుసలోఁ గుర్చీ వేసి కూర్చుండఁబెట్టిన డెబ్బదిరెండేండ్ల నీలకంఠము మాటిమాటికి నరచేతులు పంచెకుఁ దుడుచుకొనుచుండెను. బస్టాండు చెంత నలువదియేండ్లుగా అద్దెపుస్తకముల కొట్టు నడుపుచున్న యితఁడే యా పట్టణమునకు విజయకేతును పరిచయము చేసినవాఁడు. నేఁడాతనికీ తత్తరమెందులకో యాతఁడొక్కఁడే యెఱుఁగును. కొట్టు పెట్టిన క్రొత్తలో, ఊరికంతటికి నొక్కటియే యగు ‘రంగూను తాళపుచెవి’ ప్రతిలోని చివరి పదునాఱు పుటల నెవఁడో చింపుకొని పోయెను. ప్రచురణకర్తలు దుకాణము కట్టివేసిరి. వేఱొక ప్రతి దొరకలేదు. హంతకుఁడెవఁడో చెప్పుమని పాఠకులు నెత్తిమీఁదఁ గూర్చుండిరి. తానును చదివియెఱుఁగని యా ముగింపును నీలకంఠము మూఁడు దినములు తలుపులు మూసికొని తానే వ్రాసి, పెండ్లిపత్రికలు వేయు నొక చిన్న ముద్రాలయమున గుట్టుగా నచ్చొత్తించి పుస్తకమునకుఁ గుట్టివేసెను.

దుర్మార్గుఁడైన జమీందారుని, తన మనుమరాలి మానము కాపాడుకొనుటకై పొడిచి చంపినది యాతనికిఁ జనుబాలిచ్చి పెంచిన దాది సీతాలే యని కనుఁగొని, విజయకేతు సంకెలలు జేబులోనే యుంచుకొని యామె పాదములకు మ్రొక్కి వెడలిపోవును. ఇది నీలకంఠము వ్రాసిన ముగింపు. ఆ పుటలు చదివి యేడ్వనివాఁడు చీరాలలో లేఁడు. కూఁతులకు సీతాలని పేరు పెట్టుకొన్నవారును గలరు. అంత గొప్ప పుస్తకమును భద్రపఱచినవాఁడని నీలకంఠమునకు వీథిలో మ్రొక్కెడివారు. ఆ మ్రొక్కులు నిజమునకుఁ దన వ్రాఁతకే యని లోలోనఁ బొంగిపోవుటయే యాతని బ్రదుకునఁ గల యేకైక భోగము. పాపము, అద్దెకొట్టువానికి అంతకంటె నేమి మిగులును?

టీవీవారు విజయకేతునకు మీసము తీసివేసి జీన్సుప్యాంటు తొడిగినను సంఘమువారు పండ్లు కొఱికి సహించిరి. గుఱ్ఱపుబండికి బదులు మోటారుసైకిలెక్కించినను, భూతద్దమునకు బదులు సెల్‌ఫోను చేతఁ బెట్టినను సహించిరి. కాని యా మధ్యాహ్నము కథానాయకుఁడు తెరపై జమీందారుని దివానును మెడపట్టి యీడ్చి హంతకుఁడవు నీవే యని గర్జించి సంకెలలు తగిలింపఁగానే, గట్టు తెగిన చెఱువువలె జనము మీఁదికి లేచెను.

“మన సీతాల్ని లేకుండా చేశార్రా దొంగనాయాళ్ళు!” అని పొలికేక పెట్టి కోటిలింగము బట్టలు కొలుచు నినుపగజకడ్డీతో తెరను భళ్ళున పగులఁగొట్టెను. పొగలు చిమ్ముచు నేలఁబడిన టీవీని పదిమంది కాళ్ళతోఁ ద్రొక్కిరి.

అప్పుడు వెనుకవరుసనుండి యొక్క కంఠము వినవచ్చెను. ఒంగోలునుండి చుట్టపుచూపుగా వచ్చి మఱఁదివెంటఁ దోడువచ్చిన లెక్కల మాష్టారు విశ్వపతిది యా కంఠము. “కాస్త ఆగండయ్యా! టీవీ వాళ్ళ తప్పేం లేదు. పుస్తకంలో హంతకుడు దివానే. మా నాన్న దాచిన మొదటి ముద్రణ నా దగ్గరుంది. మీరు చెప్పే ముగింపు అందులో యాడా లేదు.”

లెక్క తప్పిన విద్యార్థికిఁ జెప్పినట్లు మెల్లగాఁ జెప్పెను. ఆ మెల్లదనమే వారిని మఱింత మండించెను. మొదటి పిడికిలి యాతని కండ్లద్దములను ముక్కుమీఁదనే చితుకఁగొట్టెను. ఇంకొకఁడు జుట్టుపట్టి నేలకీడ్చెను. అడ్డము వచ్చిన మఱఁదిని నలుగురు వీథిలోనికి నెట్టి తలుపు గడియ వేసిరి. డొక్కలో దన్నినవాఁడు దన్నుచునే యుండెను. మడత విప్పని తెల్లని తానులపై నెత్తురు చివ్వున చిమ్మెను.

నీలకంఠము కుర్చీనుండి లేవఁబోయి మరలఁ గూర్చుండెను. ఒక్కమాట చెప్పినచో నా దెబ్బలాగును. చెప్పినచో నలువదియేండ్ల మ్రొక్కులు మట్టిఁ గలియును, దొంగముగింపు కుట్టి యూరిని మోసగించినవాఁడన్న పేరొక్కటి మిగులును. ఇంకొక్క దెబ్బతో వీరి కసి తీఱునులే యని తనకుఁ దాను నచ్చఁజెప్పుకొనెను. అది పిఱికితనమైనచోఁ గొంత మన్నింపవచ్చును. కాని యది యాశ, ముసలితనమునను చావని కీర్తికాంక్ష.

గజకడ్డీ విశ్వపతి నెత్తిమీఁదఁ బడెను. కొబ్బరికాయ కొట్టిన చప్పుడయ్యెను.

“కొట్టబాకండయ్యా! ఆయన చెప్పిందే నిజం!” అని నీలకంఠము కుర్చీ తన్నివేసి గుంపులోఁ జొరఁబడెను. “ఆ పదహారు పేజీలు నేను రాశా. సీతాలు లేదు, ఏమీ లేదు. అంతా నేనే పుట్టించా!”

జనము క్షణకాలము నిలిచెను. కోటిలింగము కడ్డీ దింపి, ముసలివానివంక జాలితోఁ జూచెను. “పెద్దాయనా, ఈణ్ణి కాపాడ్డానికి అంత అబద్ధమాడాలా? అట్టా రాయగలిగినోడివైతే బస్టాండుకాడ పుస్తకాలు అద్దెకిచ్చుకుంటా కూర్చుంటావా?”

నీలకంఠము రెండు చేతులు జోడించి యా ముగింపు నక్షరము తప్పకుండ వల్లింప మొదలుపెట్టెను. నాలుగవ వాక్యమున గుంపంతయు నాతనితోఁ గలిసి వల్లించెను. అది వారికందఱికి కంఠస్థమే. తన వ్రాఁత తనది కాదనుటకు నూటయిరువదిమంది సాక్షులైరి. జీవితమంతయు నాతఁడు చెవులప్పగించి వినఁగోరిన మెప్పుదల యదియే కాని యప్పుడది యాతనికి విషమువలె నుండెను. వల్లింపు ముగియఁగనే దెబ్బలు మరల మొదలయ్యెను. నీలకంఠము విశ్వపతిపై బోరగిలఁ బడి కప్పికొనఁగా రెండు దెబ్బలు వీఁపునఁ బడెను, మూఁడవది భుజాస్థిని విఱిచెను.

వీథిలో పోలీసుజీపు కూఁత వినఁబడి గుంపు వెనుకతలుపుగుండఁ జెదరెను. నెత్తురు మడుగున విశ్వపతి యొక కన్ను మాత్రము తెఱచి, “నిజంగా మీరే రాశారా?” అని యడిగెను.

“నేనే బాబూ. ముందే చెప్పాల్సింది. నోరు రాలా.”

“నేను నమ్ముతున్నాలెండి.” అని యాతఁడు రొప్పి రొప్పి యూపిరి తీసికొని, “చంపినమనిషినే క్షమించాడని రాశారు గదా... అది చదివి ఏడ్చింది వీళ్ళేనా?” అనెను.

నీలకంఠము పంచెచెఱఁగుతో నాతని నెత్తురు నొత్తుచుండఁగనే యా కన్ను నిలిచిపోయెను. కథలోని హంతకురాలిని క్షమించుటకు రెండు కన్నీటిబొట్లు చాలును, ఎదుట నిలిచి కాదన్నవానిని క్షమించుటకు మనిషి కావలెను. పోలీసులు తలుపు పగులఁగొట్టి లోనికి వచ్చునప్పటికి, గుమ్మము ప్రక్కఁ జతికిలఁబడిన కోటిలింగము నెత్తురంటిన గజకడ్డీని యొడిలోఁ బెట్టుకొని, చచ్చినవానివంకఁ జూడనైనఁ జూడక, సీతాలునకు జరిగిన యన్యాయమును దలఁచి తలఁచి వెక్కివెక్కి యేడ్చుచుండెను.