కొమురవ్వ గొంతు

మగ్గాల పనికి వలస వచ్చినవాళ్లుండే వడోద్‌లో ఆ వరుస ఇళ్లను పొద్దున్నే లేపే పని కొమురవ్వ గొంతుదే. నీళ్లొస్తే ఆమె అరుపు, పాలవాడొస్తే ఆమె అరుపు. ఏళ్ల తరబడి పవర్‌లూమ్ మగ్గాల మోతలో మాట్లాడిన మనిషికి మెల్లగా మాట్లాడడం ఎక్కడ వస్తుంది? ఆ మోతే ఆమె భర్త దశరథం చెవులు తినేసింది. లోకంలో ఆయనకు వినబడే గొంతు ఆమెదొక్కటే మిగిలింది. ఎవరేం చెప్పాలన్నా కొమురవ్వ నోటి మీదుగా చెప్పించుకోవాల్సిందే.

కూతురు హారతికి మాత్రం ఆ గొంతు వింటే తల కొట్టేసినట్లుండేది. కాలేజీలో చదువుకుంటూ, ఆదివారాలు డాక్టర్ నీరజ ఇంట్లో జరిగే తెలుగు కథల క్లాసుకు వెళ్లేది. అమ్మ మీద కథ రాయమంటే రాసింది. ఆ కథలో అమ్మ చీర నలగకుండా కూర్చుని, పక్కవాళ్లకు కూడా వినీ వినబడనట్లు మాట్లాడుతుంది. క్లాసులో అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాటికి కొమురవ్వ గొంతు అచ్చం కథలో రాసినట్లే అయిపోయింది.

దానికి ఎవరూ నోరెళ్లబెట్టలేదు. పక్కింటి లత వచ్చి, బిడ్డ కథ రాసిందా అని అడిగి, తన మరిది కథ రాసినప్పుడు బోసినోటి మామకు పళ్లు మొలిచాయని చెప్పి వెళ్లిపోయింది. ఇబ్బందంతా దశరథానిదే. భార్య పెదాలు కదులుతుంటే చెవి వెనక చెయ్యి పెట్టుకుని చూసేవాడు, కాసేపటికి నవ్వి తలూపేవాడు. ఏమీ వినబడకుండానే ఊపుతున్నాడని హారతికి తెలుసు.

కథ తీసేస్తానని నీరజతో చెప్పింది. నీరజ వద్దంది. మొదటి కథల్లో అందరూ ఇంట్లోవాళ్లను ముస్తాబు చేస్తారనీ, తనూ చేసిందనీ అంది.

"మళ్లీ రాయి హారతీ. ఎక్కడ రాయబుద్ధి కాదో అక్కడ మొదలుపెట్టు. నీకు రాయడం వచ్చు, అందుకే చెబుతున్నా."

హారతి రాసింది. అమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని కాలేజీ గేటు దగ్గర "ఓ హారతీ" అని పిలిస్తే రోడ్డంతా తిరిగి చూసిన సంగతి రాసింది. ఎవరామె అని స్నేహితురాళ్లు అడిగితే, మా గల్లీ ఊడ్చే ఆమె అని తాను చెప్పిందీ రాసింది.

సాయంత్రం అమ్మానాన్నలను కూర్చోబెట్టి చదివింది. నాలుగు మాటలు చదివిందో లేదో కొమురవ్వ గొంతు సవరించుకుని, పాత గొంతుతోనే వాటిని భర్తకు చెప్పింది. దశరథం ముఖం విచ్చుకుంది. అక్కడి నుంచి హారతి ఒక వాక్యం చదవడం, కొమురవ్వ దాన్ని వరుసంతా వినేలా ఆయనకు చెప్పడం. కిటికీల్లోంచి జనం తొంగిచూశారు. భూమిలోకి దూరిపోవాలనిపించినా, హారతి తల వంచుకుని గేటు దగ్గరి మాట కూడా చదివేసింది.

కొమురవ్వ భర్త వైపు తిరిగి, "మా అవ్వనే అని చెప్పిందట బిడ్డ" అంది. మాట పూర్తికాకముందే గొంతు సన్నబడిపోయింది.

"ఏమన్నవ్?" అన్నాడు దశరథం.

"ఉన్నది ఉన్నట్టు చెప్పవ్వా," అంది హారతి తల్లితో. "నాయినకు వినబడాలె."

"ఆ పొద్దు గేటు కాడ నేను ఇన్న బిడ్డా. మీ నాయినకు ఇయ్యాల్టిదాక చెప్పలే."

అని కొమురవ్వ, ఆ గేటు దగ్గరి మాటను ఉన్నదున్నట్టు భర్తకు చెప్పింది. వరుసంతా వినబడింది.

దశరథం కూతురి చేతిలోని కాగితాల వైపు చెయ్యి చూపాడు. భార్యతో అన్నాడు:

"అటెంక ఏమైందో చదువుమను."