గొంతు కోసం అతిమధురం

శ్రీకాకుళం బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల పేర్లు చదవడం సత్యరాజు పని. పంతొమ్మిదేళ్ళు కండక్టరుగా నిలబడి చేశాక నడుము పట్టేసింది. తేలికపాటి డ్యూటీ కావాలని అర్జీ పెట్టుకుంటే ఈ కుర్చీ ఇచ్చారు. కూర్చునే పనే కదా, అదృష్టవంతుడివి అన్నారు తోటివాళ్ళు. పాలకొండ, రాజాం, టెక్కలి, పలాస, పాతపట్నం. ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా అవే పేర్లు, ఒక్కోటీ మూడేసి సార్లు. రెండేళ్ళు తిరిగేసరికి నడుము నొప్పి ఎక్కడిదక్కడే ఉంది, గొంతు కూడా చెడింది.

అది 2015 వేసవి. పెళ్ళిళ్ళ రోజులు కావడంతో బస్టాండు కిటకిటలాడుతోంది. పదకొండు దాటితే సత్యరాజు మాట పొడిబారిపోయేది. మైకులో ఏం చెప్పాడో అర్థంకాక జనం కిటికీ దగ్గరికొచ్చి మళ్ళీ అడిగేవారు. దానికి తోడు ఛాతీలో మంట. పొద్దున్నే ఖాళీ కడుపున టీ, తొమ్మిదింటికి క్యాంటీన్లో మిరపకాయ బజ్జీ, ఏళ్ళ తరబడి అదే తిండి. బీపీ బిళ్ళ నాలుగేళ్ళుగా వేసుకుంటున్నాడు.

ఒకరోజు కంట్రోలరు నరసింగరావు ఒక కాగితం పొట్లం తెచ్చి అతని బల్ల మీద పెట్టాడు. ఇద్దరూ ఒకే ఏడు కండక్టర్లుగా చేరారు. నరసింగరావుది ఎచ్చెర్ల దగ్గర వరి పండించే కుటుంబం, సత్యరాజుది బాప్టిస్టు సంఘం. ఒకరి ఇంటి పెళ్ళికి ఒకరు వడ్డన చేసినవాళ్ళు. బావా అంటే బావా అని పిలుచుకుంటారు.

"మైకులో నువ్వో కప్పో తెలట్లేదు బావా. ఇది అతిమధురం. నాలుగు ముక్కలు దంచి, సిటికెడు టీ పొడేసి మరిగించమను సెల్లిని. పంచదార అక్కర్నేదు, దానికదే తీపి."

"బీపీ బిళ్ళ ఏసుకుంటన్నాను కదా. పడతాదేటి?"

"ఇదేటి మందా? ఏరు ముక్క. సిన్నప్పుడు దగ్గొస్తే మాయమ్మ నమలమని ఇచ్చీది. కడుపులో మంటక్కూడా మంచిదే. గరివిడిలో మా అమ్మాయి యమునక్కూడా పంపినాను, నెల తప్పిందగ్గర్నుంచి గుండెల్లో మంట, మంట అంతంది."

మరునాడు సత్యరాజు భార్య ఏసమ్మ ఆ టీ కాచి చిన్న ఫ్లాస్కులో పోసిచ్చింది. వేడిగా గొంతు దిగుతుంటే సత్యరాజుకు ప్రాణం లేచొచ్చినట్టనిపించింది. వారం తిరక్కుండానే గరగర తగ్గింది, ఛాతీలో మంట కూడా నెమ్మదించింది. ఒక ముసలాయన కిటికీ దగ్గర ఆగి, "బాబూ, ఇయ్యాల మీ మాట తేటగా ఇనిపించింది" అని మరీ వెళ్ళాడు. ఇరవయ్యొక్కేళ్ళ ఉద్యోగంలో ప్రయాణికుడు ఒకడు మెచ్చుకోవడం సత్యరాజుకు గుర్తులేదు. ఆ రోజు ఇంటికెళ్ళి ఏసమ్మకు ఆ మాట రెండుసార్లు చెప్పాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. రోజుకొక గ్లాసు మూడయింది, మూడు ఆరయింది. ఏసమ్మ పెద్ద ఫ్లాస్కు కొంది. ముక్కలు ఎక్కువ వేస్తే ఇంకా బాగా పనిచేస్తుందని అతనే గుప్పెడేసి దంచేవాడు. సాయంత్రం ఇంటి దగ్గర మళ్ళీ కాయించుకునేవాడు.

జూన్ రెండో వారం నుంచి ఒంట్లో ఏదో తేడా తెలిసింది. సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పుల పట్టీ గుర్తులు పడేవి. తలనొప్పి పొద్దున్నే మొదలయ్యేది. బస్టాండు నుంచి ఇంటికి రోజూ నడిచి వెళ్ళే మనిషి ఆటో ఎక్కడం మొదలుపెట్టాడు. ఆటో దిగి రెండు మెట్లెక్కడానికి గోడ పట్టుకునేవాడు.

"ఏటండి అలగైపోతన్నారు?" అని అడిగింది ఏసమ్మ. ఆమె ఒక బడిలో ఆయా. సాయంత్రానికి ఆమె కాళ్ళూ పీకేవి.

"ఏటీ నేదు. ఎండలు. వయసొచ్చింది కదా."

ఆమె కూడా అదే అనుకుంది. అలసట ఆ ఇంటికి కొత్త కాదు. ఎవరిది రోగమో ఎవరిది కష్టమో విడదీసి చూసే ఓపిక ఇద్దరికీ లేదు.

బీపీ చూపించుకుంటే నూట డెబ్బై దాటింది. వీధి చివరి డాక్టరు ఉప్పు తగ్గించమని చెప్పి, ఒంట్లో నీరు తీసే బిళ్ళ ఒకటి కలిపాడు. ఇంకేమైనా వాడుతున్నావా అని ఆయన అడగలేదు. టీ సంగతి చెప్పాలని సత్యరాజుకూ తోచలేదు. కొత్త బిళ్ళతో వాపు కాస్త తీసింది గాని నీరసం రెట్టింపయింది. పిక్కలు పట్టేసేవి. చెయ్యెత్తి షర్టు వేసుకోవడానికి కూడా మధ్యలో ఆగాల్సి వచ్చేది.

జూలైలో ఒక బుధవారం, రెండింటికి డ్యూటీ దిగే వేళ, సత్యరాజు కుర్చీలోంచి లేవబోయాడు. కాళ్ళు లేవలేదు. చేతులు బల్లకు ఆనించి మళ్ళీ ప్రయత్నించాడు. తొడల్లో సత్తువ లేదు. మైకు ఇంకా ఆపలేదు. "బావా, ఓసారి ఇలగ రా. నెగనేకపోతన్నాను" అని అతను మెల్లగా అన్న మాట బస్టాండంతా వినిపించింది. నరసింగరావు ప్లాట్‌ఫారం మీద నుంచి పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరు డ్రైవర్లు చెరో భుజం పట్టి ఆటో ఎక్కించారు.

ఆసుపత్రిలో రక్తం తీశారు, గుండెకు తీగలు పెట్టి కాగితం తీశారు. పొటాషియం బాగా పడిపోయిందని చెప్పి చేతికి సెలైను ఎక్కించారు. డాక్టరు పద్మకుమారి నెమ్మదిగా మాట్లాడే మనిషి.

"చూర్ణాలు, కషాయాలు, నాటుమందులు ఏమైనా వాడుతున్నారా?"

"నేదమ్మా" అన్నాడు సత్యరాజు. అతను అబద్ధం చెప్పలేదు. టీని మందుగా అతనెప్పుడూ అనుకోలేదు.

మూడోరోజు ఉదయం నరసింగరావు చూడ్డానికొచ్చాడు. చేతిలో ఫ్లాస్కు ఉంది. "మీ సెల్లి కాసింది బావా. ఇక్కడ నీకెవరు కాసిత్తారు" అంటూ గ్లాసులో పోస్తుండగా పద్మకుమారి రౌండ్సుకు వచ్చింది. వాసన పట్టి ఆగింది.

"అదేమిటి?"

"అతిమధురం టీ అండి. గొంతుకి" అన్నాడు నరసింగరావు.

"రోజుకెంత తాగుతారు? ఎన్నాళ్ళుగా?"

సత్యరాజు మంచం పక్కనున్న ఏసమ్మ వైపు చూశాడు. ఏసమ్మే చెప్పింది. డాక్టరు ఫ్లాస్కు మూత బిగించి పక్కన పెట్టింది. కోపగించుకోలేదు.

"దగ్గుకో గొంతు నొప్పికో నాలుగు రోజులు కాస్త తాగితే చాలామందికి ఏమీ కాదు. హాయిగానే ఉంటుంది. బీపీ ఉన్నవాళ్ళు మాత్రం దాని జోలికి పోకూడదు. రోజూ ఇంతింత, నెలల తరబడి తాగితే అది ఒంట్లో ఉప్పూ నీరూ ఆపేస్తుంది, పొటాషియం బయటికి పంపేస్తుంది. బీపీ అందుకే పెరిగింది. పెరిగిందని మీకు నీరు తీసే బిళ్ళ ఇచ్చారు. అది కూడా పొటాషియాన్నే తీసుకుపోతుంది. రెండూ కలిసి మిమ్మల్ని మంచాన పడేశాయి. ఇంకో వారం ఆగుంటే గుండెకే ముప్పు వచ్చేది."

నరసింగరావు గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే ఉన్నాడు.

"కడుపుతో ఉన్నోలు తాగితే ఏటౌతాదమ్మా?" అన్నాడు చివరికి.

"మంచిది కాదు. ఆపేయమనండి. ఎవరైనా తాగుతున్నారా?"

అతను ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి కూతురు యమున ఎత్తింది.

"అమ్మా, నేను పంపిన ఏరు ముక్కలు తాగతన్నావా?"

"తిట్టకు నాన్నా. ఒక్కరోజే తాగినాను. ఆ తీపి వాసనకి వాంతైపోనాది. నువ్వు బాధపడతావని సెప్పలేదు. డబ్బాలో అలగే ఉన్నాది."

నరసింగరావు గోడకు ఆనుకుని అలాగే కింద కూర్చున్నాడు. "మంచిపని సేసినావమ్మా. పారీయ్. మీ డాక్టరమ్మకి ఓమాటు సెప్పు" అన్నాడు. లోపలికి వచ్చి సత్యరాజు మంచం దగ్గరున్న ఫ్లాస్కు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ తరువాత ఆసుపత్రికి రాలేదు.

సత్యరాజు వారం రోజులకు ఇంటికొచ్చాడు. కాళ్ళలో సత్తువ నెమ్మదిగా వచ్చింది. బీపీ దిగడానికి మరో మూడు వారాలు పట్టింది. నీరు తీసే బిళ్ళ ఆపించారు. గొంతు మాత్రం మళ్ళీ చెడింది. ఛాతీలో మంట కూడా తిరిగొచ్చింది. పద్మకుమారి పంపిన గొంతు డాక్టరు అద్దం పెట్టి చూసి, దీనికి మాట్లాడకుండా ఉండటమే మందన్నాడు. ఖాళీ కడుపున టీ, బజ్జీలు మానమన్నాడు.

సెలవు అయిపోయాక సత్యరాజు ముందుగా కంట్రోలరు గదికే వెళ్ళాడు. నరసింగరావు తలెత్తి చూసి, మళ్ళీ ట్రిప్ షీట్లలోకి తల దించుకున్నాడు.

"ఎందుకు రాలేదు బావా?"

"ఏ మొకం పెట్టుకుని రావాలి? సంపీసీవోణ్ణి."

"నువ్వు నాలుగు ముక్కలన్నావు. గుప్పెడేసుకున్నోడ్ని నేను. బీపీ ఉందని నాకూ తెలుసు, నీకూ తెలుసు. డాక్టర్ని అడగాలని ఇద్దరికీ తోచనేదు."

నరసింగరావు పక్కనున్న స్టూలు లాగి, "కూకో, నిలబడకు" అన్నాడు. ఇద్దరూ కూర్చున్నారు. బయట ఎవరో కుర్రగొంతుతో పాలకొండ బస్సు పేరు చదువుతున్నారు. ఆ మైకు దగ్గరికి తనిక వెళ్ళలేనని, గొంతుతో పని లేని చోటుకు మార్చమని అర్జీ రాసి తెచ్చానని సత్యరాజు చెప్పాడు. నరసింగరావు అది తీసుకుని చదివి, తనే మేనేజరు దగ్గరికి పట్టుకెళ్ళాడు.

అర్జీని రెండుసార్లు తిరగ్గొట్టాక, సెప్టెంబరులో సత్యరాజును పార్సిలు గదికి మార్చారు. కిటికీ లేని గది. మూటల మీద నంబర్లు వేసి, అరల్లో సర్దాలి. మొదటిరోజు పనయ్యేసరికి నడుము విరిగిపోయింది. ఇంటికెళ్ళి మంచం మీద వాలాడు. ఏసమ్మ గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి పక్కన కూర్చుంది. ఎలా ఉందని అడగబోయి, అతను మాట్లాడాల్సి వస్తుందని ఊరుకుంది.