దూరదృష్టి సమావేశం

ఇండోనేషియాలోని సెమరాంగ్‌లో రొయ్యల అప్పడాల కంపెనీ యజమాని పాక్ హర్దోయో మూడు రోజుల నాయకత్వ శిబిరానికి వెళ్ళి, దూరదృష్టి సంపాదించుకుని వచ్చాడు. సోమవారం పొద్దున్నే ఆరుగురు మేనేజర్లనూ బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు.

"కళ్ళు మూసుకోండి. రెండువేల నలభై అయిదులో మన కంపెనీ ఎలా ఉందో చూడండి. నేను చెప్పేదాకా ఎవరూ తెరవొద్దు."

అక్కడ గౌరవంగా మగవాళ్ళని పాక్ అనీ, ఆడవాళ్ళని బు అనీ పిలుస్తారు. నాణ్యత చూసే బు విగాతి ఒళ్ళో ఒక కాగితం ఉంది. బాయిలర్ సేఫ్టీ వాల్వు మార్చాలంటే దానిమీద యజమాని సంతకం పడాలి. పాతది తుప్పుపట్టి బిగుసుకుపోయింది. బాయిలర్ పక్క గదిలోనే నలభై మంది ఆడవాళ్ళు అప్పడాలు సంచులకెత్తుతుంటారు. ఇరవై రోజులుగా అడుగుతోంది. ఆయన ఒక్కసారీ కాదనలేదు. అక్కడ ఎవరూ ఎవరినీ కాదనరు. "ఇంకా సమయం రాలేదు" అంటారు. ఆ మాట నీడన మనిషి ముసలైపోవచ్చు.

ఆమె కళ్ళు మూసుకుంది. చీకటి తప్ప ఏమీ రాలేదు.

"దుబాయ్‌లో మన దుకాణం కనిపిస్తోంది, పాక్," అన్నాడు అమ్మకాల సునార్యో.

"నాకు చంద్రుడి మీద," అంది సిబ్బంది వ్యవహారాల బు ఎండాంగ్. "అక్కడ తేమ ఉండదు. అప్పడం మెత్తబడదు."

యజమాని మెచ్చుకోలేదు, కాదనలేదు. అరగంట గడిచింది. ఎక్కడో సన్నగా ఈల మొదలైంది.

"రైలు! మన సొంత రైలు," అన్నాడు సునార్యో పరవశంగా.

ఆవిరి అతుకుల్లోంచి తన్నుకొస్తోందని విగాతికి తెలిసిపోయింది. కళ్ళు తెరిచింది. యజమాని కుర్చీ ఖాళీ. కిటికీలోంచి చూస్తే, రోడ్డవతల బండి దగ్గర ఆయన వేడివేడి సోటో చారు జుర్రుకుంటున్నాడు.

"పాక్ ఇక్కడ లేరు! ఎదురుగా తింటున్నారు!"

"ఏ సంవత్సరంలో, బు?" ఎండాంగ్ మర్యాదగా అడిగింది.

"ఇప్పుడే!"

"అయితే అది భవిష్యత్తు కాదు. సరిగ్గా మూసుకోండి."

వాళ్ళను చూసి ఆమెకు ఆశ్చర్యం కలగలేదు. తన రెప్పలే మళ్ళీ వాలిపోవాలని చూస్తున్నాయి, ఆమె భయం అదే. అంతమందిలో తానొక్కతే కళ్ళు తెరుచుకుని ఉండటం, బట్టలు లేకుండా నిలబడ్డట్టుంది.

ఆమె బాయిలర్ గదికి పరుగెత్తింది. అక్కడ పనివాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పాక్ ఆపమనలేదు కదా, బు."

ఆమే మంట ఆర్పింది. ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు మెల్లగా దిగింది. ఈరోజుకి సరే. రేపు?

తిరిగొచ్చేసరికి యజమాని వచ్చి ఉన్నాడు. మేనేజర్ల మూసిన కళ్ళను చూసి కరిగిపోయి, తానూ కళ్ళు మూసుకున్నాడు.

అడుగుల చప్పుడు విని, "ఎవరది?" అన్నాడు.

"విగాతిని, పాక్."

"నీకేం కనిపించిందమ్మా?"

"మీరు కొత్త వాల్వుకి సంతకం పెడుతున్నారు."

"ఏ ఏడు?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయనతో అబద్ధమాడింది లేదు.

"నలభై అయిదు, పాక్."

డెబ్భై రెండేళ్ళ ఆ ముఖం చిన్నపిల్లాడిలా వెలిగింది. "అంటే... అప్పటికీ నేనే ఉన్నానన్నమాట!"

కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపాడు. ఆమె ఆయన వేళ్ళ మధ్య కలం పెట్టి, చేతి కిందికి కాగితం జరిపింది. సంతకం కాగితం దాటి బల్లమీదికి పోయింది.

"తేదీ వెయ్యనా?"

"నేను వేసుకుంటాను, పాక్," అని ఆమె ఆ సోమవారం తేదీనే వేసింది.