అన్ని రకాల లిఫ్టులూ వచ్చు

లిఫ్టు మెకానిక్ ఆయాసపడుతూ డాబా మీదికి ఎక్కి, నాలుగు వైపులా చూసి, బిక్కచచ్చిపోయాడు. మోటారు గది లేదు! ఇరవై ఏళ్లుగా అతను బాగు చేసిన ప్రతి లిఫ్టుకూ మోటారు పైన గదిలోనే ఉండేది. ఇదేమో కొత్త రకం. దీని మోటారు ఎక్కడ దాక్కుందో ఆ దేవుడికే తెలియాలి.

తప్పు అతనిదే, ఇంకెవరిదీ కాదు. మెకానిక్‌ల సంఘం వెబ్‌సైట్‌లో ఇదివరకు ఎవరి వివరాలైనా కార్యదర్శే గుచ్చి గుచ్చి అడిగి ఎక్కించేవాడు. పోయిన నెల సభ్యులందరికీ పాస్‌వర్డులిచ్చి, "ఇకనుంచి ఎవరి పేజీ వాళ్లే చూసుకోండి" అన్నాడు. ఇంకేముంది! బావమరిది పక్కన కూర్చుని చూస్తున్నాడు కదా, మనవాడు ఏయే రకాల లిఫ్టులు వచ్చో అడిగే గళ్లన్నిటిలోనూ దర్జాగా టిక్కులు కొట్టేశాడు.

"ఇవన్నీ నీకొచ్చా బావా?"

"లిఫ్టు లిఫ్టేరా. ఎక్కుతుంది, దిగుతుంది."

ఇప్పుడు ఆ లిఫ్టు ఎక్కనూ లేదు, దిగనూ లేదు. మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య ఇరుక్కుంది. లోపల ఉబ్బసం ఉన్న ముసలాయన, తలుపు బయట, వెబ్‌సైట్‌లో పేజీ చూసి మెకానిక్‌ను పిలిపించిన ఆయన కోడలు.

"మామయ్యా, మెకానిక్ వచ్చేశారు! అన్నీ తెలిసిన మనిషే!" అని లోపలికి అరిచి, ఆమె డాబా దిగి వచ్చిన అతని వైపు తిరిగింది. "ఎంతసేపు పడుతుందండీ?"

"ఐదు నిమిషాలమ్మా" అనేశాడు. రాదని చెప్పడానికి నోరు రాలేదు మరి.

లిఫ్టును చేత్తో దించాలంటే మోటారు బ్రేకు తియ్యాలి, అది ఎక్కడుందో తెలియకుండా చెయ్యి పెడితే లిఫ్టు ఏమైపోతుందో! మెట్ల మలుపులోకి జారుకుని ఫోనులో సంఘం జాబితా తెరిచాడు. కొత్త రకం ఎవరికొచ్చో అని వెతికాడు. సంఘంలో ఉన్నది ముప్పై ఎనిమిది మంది. ముప్పై ఎనిమిది పేర్లూ వచ్చాయి. అమ్మ దొంగల్లారా!

తనకు పని నేర్పిన మేస్త్రికి ఫోన్ చేశాడు.

"నాకేం వచ్చురా? అందరూ కొట్టారు కదా అని నేనూ కొట్టా" అన్నాడు మేస్త్రి. "ఉండు, తెలిసినవాణ్ని ఎవణ్నైనా పట్టుకుంటా."

లోపలి నుంచి దగ్గు వినిపించింది. అది ఆగి, ఊపిరి ఈల వేసినట్టు రాసాగింది. కోడలు అరచేత్తో తలుపు బాదుతోంది. ఐదు నిమిషాలు కాస్తా ఇరవై అయ్యాయి.

"ఏం చేస్తున్నారండీ మీరు?"

"అయిపోవచ్చిందమ్మా."

ఫోను మోగింది. ముక్కూ మొహం తెలియని గొంతు.

"అన్నా, మీకు కొత్త రకం వచ్చని మీ పేజీలో చూశా. ఎక్కడో పెద్దాయన లిఫ్టులో ఇరుక్కున్నాడంట. మేస్త్రి నన్నడిగాడు, నాకేమో రాదు. బ్రేకు ఎలా తియ్యాలో కాస్త చెప్పన్నా, పుణ్యముంటుంది!"

అతనికి తల కొట్టేసినట్టయింది. ఫోను పెట్టేసి, నేరుగా ఆమె ముందుకెళ్లి నిలబడ్డాడు.

"నాకిది రాదమ్మా. ఫైరింజను వాళ్లని పిలుస్తున్నా."

పావుగంటలో వాళ్లొచ్చారు, ముసలాయన్ని బయటికి తీశారు. పెదాలు నల్లబడ్డాయి, కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. బతికాడు. మెకానిక్‌కు ఏడుపొక్కటే తక్కువ.

స్ట్రెచర్ వెంట పరుగెత్తబోతూ కోడలు అతని దగ్గర ఆగింది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"రాగానే చెప్పొచ్చు కదండీ" అంది. "మీకన్నీ వచ్చని, నేనే ఫైరింజను వాళ్లని పిలవకుండా కూర్చున్నా."