బెత్తెడు పొట్టి బార్లు

వెర్నా కిట్స్‌మిల్లర్ కారుకు బలం ఎక్కువ, నిలకడ తక్కువ. ఇద్దరిద్దరుగా తిన్నటి బాట మీద పందెం వేసే శనివారం కార్ల పోటీల్లో పచ్చదీపం వెలగగానే ఆమె కాలు గట్టిగా నొక్కేది. కారు మాత్రం ముందుకు దూకాల్సింది పోయి, వెనక చక్రాలను నేలకేసి దబదబా బాదుకుంటూ ఉన్నచోటే గంతులేసేది. ఈలోగా పక్క వరసలో ఉన్న రోండా పెట్రోస్కీ మొక్కజొన్న చేల అంచుదాకా వెళ్ళిపోయి ఉండేది.

వెర్నా ఊళ్ళో బడి వంటశాలకు పెద్ద. యాభై దాటాయి. అరవైల నాటి ఆ రెండు తలుపుల కారును తుప్పు కుప్పగా కొని, చలికాలాలన్నీ షెడ్డులో కూర్చుని తన చేతులతోనే బాగుచేసుకుంది. భర్త గస్‌కి కార్ల గోల పట్టదు. అడిగితే జాకీ అందిస్తాడు, అడక్కపోతే బేస్‌బాల్ చూసుకుంటాడు.

జబ్బేమిటో అందరికీ తెలుసు. ఇంజను లాగే ఊపుకి వెనక ఇరుసు మెలి తిరగబోతుంది. దాన్ని మోసే కమాను పట్టీలు ముడుచుకుపోయి మళ్ళీ విదిలించుకుంటాయి. అదే ఆ గంతు. ఇరుసు దగ్గర నుంచి ముందుకు, కమాను కింద ఒక ఇనుపబద్ద బిగిస్తే మెలిక ఆగుతుంది. ట్రాక్షన్ బారంటారు దాన్ని. మందు కూడా అందరికీ తెలిసిందే. ఏ రకం బారు అన్న దగ్గరే ఎవరి వేదం వారిది.

విడిభాగాల కొట్టులో మనిషి, "కింద బిగించేవి మీ తాతల కాలం సరుకమ్మా. ముందువైపు కీలున్నవి తీసుకో, కళ్ళు మూసుకుని పో," అన్నాడు. టైర్లు అమ్మే ఆయన కీలున్నవి వీధిలో తిప్పే కారుకు పనికిరావన్నాడు. కంప్యూటర్ ముందు కూర్చుంటే ముక్కూ మొహం తెలియని వాళ్ళు పేజీల కొద్దీ కొట్టుకుంటున్నారు. వెల్డింగు చేయమని ఒకడు, చేస్తే చస్తావని ఇంకొకడు. అన్నీ చదివాక వెర్నాకు చదవకముందే నయమనిపించింది.

అలాంటప్పుడు వచ్చాడు లైల్ డ్రెసెల్, ఆమె చెల్లెలి భర్త, పాత తువ్వాలులో చుట్టిన రెండు బార్లు చంకలో పెట్టుకుని.

"ఇవుండగా నువ్వు ఊరంతా తిరగడమేంటి వదినా? నా నీలం బండి మీద ఎన్నేళ్ళు నడిచాయో తెలుసా!"

తెలుసు. ఆ నీలం బండిని అమ్మేసిన రోజు లైల్ భోజనం చేయలేదని చెల్లెలు చెప్పింది కూడా. కమాన్లు చచ్చుపడ్డాయి, ఇక దీని పని అయిపోయిందని అమ్మేశాడు. బార్లు మాత్రం ఉంచుకున్నాడు. ఇప్పుడవి తళతళా మెరుస్తున్నాయి. కొత్తగా నల్లరంగు వేసి తెచ్చాడు. వద్దనడానికి వెర్నాకు నోరు రాలేదు.

ఆ శనివారం ట్రాక్ దగ్గర హాట్‌డాగుల బండి ముందు రోండా కలిసింది. బార్ల సంగతి అప్పటికే ఆమె చెవిన పడింది.

"లైల్ బార్లు నీ కారుకి పొట్టి అవుతాయి," అంది రోండా, తన హాట్‌డాగు మీద ఆవాల ముద్ద రాసుకుంటూ. "బారు కొసనున్న రబ్బరు గుబ్బ సరిగ్గా కమాను ముందు కన్ను, అదే దాన్ని కారుకి తగిలించే చుట్ట కిందికి రావాలి. నీకు కమాను నడుముకి తగులుతుంది. వంగిపోతుంది."

"నా కారు కింద దూరి చూశావా ఏంటి?"

"చూడక్కర్లేదు. ఆయన కారు వేరు, నీ కారు వేరు. నన్ను నమ్మొద్దులే తల్లీ, టేపుని నమ్ము."

"నేను గెలిస్తే నీకేం లాభమని చెప్తున్నావ్?"

"గంతులేసే దాన్ని ఓడించి ఓడించి విసుగొచ్చింది," అని రోండా నవ్వుతూ వెళ్ళిపోయింది.

వెర్నాకు ఆ నవ్వు అర్థం కాలేదు. ఓడించే మనిషి మంచి చెబుతుందా? ప్రాణం పెట్టే లైల్ చెడు చెబుతాడా? ఇంటికొచ్చి కారును జాకీ మీద లేపి కొలిచింది. బారు బెత్తెడు పొట్టి. దించి కొలిచింది. ఇరుసు పైకి కదిలి లెక్క మారింది. గస్ టేపు రెండో కొస పట్టుకుని తలకిందులుగా చదివేసరికి మూడో లెక్క తేలింది.

"మూడూ కలిపి సగటు తియ్యి," అన్నాడు గస్.

"నువ్వెళ్ళి ఆట చూసుకో."

లైల్‌కి ఫోన్ చేస్తే, "నాదానికీ అంతే ఉండేది, ఏం కాలేదు," అన్నాడు. ఆ మాటతో ఆమె బార్లు బిగించేసింది. నమ్మకంతో కాదు, ఆలోచించి ఆలోచించి అలసిపోయి.

తరువాతి పోటీలో కారు మొదట బుద్ధిగానే కదిలింది. వెర్నా గుండె కుదుటపడేలోపే కింద ఠంగుమని మోగింది, బండి తోక పక్కకు లాగింది. పక్కకు తెచ్చి ఆపితే మొదట పరుగెత్తుకొచ్చింది రోండాయే. ఇద్దరూ కారు కింద దూరారు. రబ్బరు గుబ్బ నొక్కిన చోట కమాను గరిటె కాడలా వంగి ఉంది.

అంతలో లైల్ కూడా వచ్చి వాళ్ళ పక్కనే నేల మీద పడుకున్నాడు. చేయి చాపి ఆ వంపును తడిమాడు.

"నాదీ ఇక్కడే వంగింది," అన్నాడు. "రెండుసార్లు కొత్తవి వేయించా. మళ్ళీ ఇక్కడే. కారే ముసలిదైపోయింది అనుకున్నా."

రోండా ఏదో అనబోతే వెర్నా మోచేత్తో పొడిచింది.

"అంటే నా బండికి ఏ జబ్బూ లేదా వదినా?"

లేదంటే ఆయన బంగారంలాంటి బండిని చేజేతులా పోగొట్టుకున్నట్టు. ఉందంటే అబద్ధం. "బార్లే పొట్టివి లైల్," అంది వెర్నా చివరికి. లైల్ లేచి, మోకాళ్ళు దులుపుకుని, నిమ్మరసం తెస్తానని వెళ్ళాడు. ఆ మధ్యాహ్నం మళ్ళీ కనిపించలేదు. కోపమో, బాధో, సిగ్గో తెలియక వెర్నా మూడు రోజులు వంటశాలలో కూరల్లో ఉప్పు ఎక్కువో తక్కువో వేసింది.

బుధవారం సాయంత్రం లైల్ వచ్చి షెడ్డు తలుపు తట్టాడు. "నువ్వు కారెక్కి కూర్చో," అన్నాడు. "బండి నేల మీదే ఉండాలి, ట్యాంకు నిండుగా ఉండాలి, బరువు లోపలుండాలి. అప్పుడే అసలు కొలత."

"బరువంటే నేనేనా?"

"నేనలా అనలేదు, నువ్వనుకున్నావ్."

ఆయన కొలిచాడు, ఆమె లోపల నుంచి అద్దంలో చూసింది. ఈసారి ఎన్నిసార్లు కొలిచినా లెక్క ఒక్కటే వచ్చింది. కానీ కీలున్నవా, కింద బిగించే పొడుగువా? లైల్ ఇప్పుడు కీలు వైపు మారిపోయాడు. రోండా పొడుగు బార్లేనంది. ఎవరి మాటా పూర్తిగా బుర్రకెక్కక, వెర్నా పొడుగువే తీసుకుంది. గుబ్బ ఎక్కడ తగులుతోందో తన కళ్ళతో తాను చూడగలదు, అంతే కారణం. కొత్త కమాన్లు లైలే పట్టుకొచ్చి బిగించాడు. నట్లు తిప్పుతూ, నీలం బండి కొన్నవాడు ఫోర్ట్ వేన్ ఊరి దగ్గరెక్కడో ఉంటాడని, ఒకసారి వెళ్ళి చూసిరావాలని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

శనివారం దీపం పచ్చగా మారింది. వెర్నా కాలు నొక్కింది. కారు వెనక్కి ఒరిగి కూర్చుంది, నేలను పట్టింది, దూసుకుపోయింది. గంతు లేదు, మోత లేదు. అయినా రోండా కారు మూతే గీతను ముందు దాటింది, కాస్త తేడాతో.

తిరిగొచ్చి ఆపి దిగేలోపే లైలూ రోండా ఇద్దరూ కారు కింద దూరారు. నాలుగు కాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి.

"గుబ్బకీ కమానుకీ మధ్య వేలెడు సందు ఉండాలి," అంటోంది రోండా.

"అసలు ఉండకూడదు! ఆ సందు వల్లే ఓడింది."

"నా దానికి సందుంది, నేను గెలిచాగా!"

"నువ్వు గెలిచింది బారు వల్ల కాదు, ఇంజను వల్ల. వదినా, నువ్వే చెప్పు!"

వెర్నా హెల్మెట్ తీసి కారు కప్పు మీద పెట్టింది. ఇద్దరి మాటా నిజంలాగే వినిపించింది. తరువాతి పందేనికి పిలుపు రావడానికి ఇంకా వ్యవధి ఉంది.

"జరగండి," అంటూ వాళ్ళిద్దరి మధ్య వెల్లకిలా పడుకుని, ఆ సందులో తన వేలు పెట్టి చూసింది.